వంతెనకు ఒక కొస వదలాలి

ఈ వృత్తిలో పైకి రావడం ఎలాగో నన్ను అడగవద్దు. నేను రాలేదు. ఉద్యోగంలో మొదటి సగం గోదావరి మీద ఒక పాత రైలు వంతెనను కనిపెట్టుకుని ఉన్నాను. రెండో సగం బహ్రెయిన్‌లో, హిద్ రేవు పక్కన ఒక ఉక్కు యార్డులో గడిపాను. ఆ యార్డులో తయారైన చివరి వంతెన విషయంలో ఒక కాగితం మీద సంతకం పెట్టనన్నాను. నా ఒప్పందాన్ని పొడిగించలేదు. దానికి అందరూ పదవీ విరమణ అని పేరు పెట్టారు, పూలగుత్తి కూడా ఇచ్చారు. ఇప్పుడు బుదైయా వైపు, ఖర్జూర తోటల పక్కన, మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఆ వంతెన ఇక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండడం నా దురదృష్టం.

ఇంజనీరింగ్ చదివి ఈ దేశానికి వస్తున్న తెలుగు పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే మంచిదని అడుగుతారు. నేను గంగారాం మేస్త్రీ సంగతి చెబుతాను. అడిగినదానికి ఇది సమాధానం కాదని ఒకరిద్దరు మొహం మీదే అన్నారు. సమాధానం అదేనని నా అభిప్రాయం. కాబట్టి మొదటి నుంచి ఒక వరుసలో రాసి పెడుతున్నాను.

పాత వంతెన

నేను రైల్వేలో చేరేనాటికే ఆ వంతెన ముసలిది. విక్టోరియా రాణి కాలంలో తెల్లదొరలు కట్టించినది. ఇసుక కింద గట్టి నేల తగిలేదాకా బావులు దించి, వాటి మీద రాతి స్తంభాలు లేపి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉక్కు గర్డర్లు పెట్టారు. ఒడ్డున నిలబడి చూసేవారికి ఒకే కొలతలో, ఒకే ఎత్తులో, చూపు ఆనేంతవరకు సాగిపోయే గర్డర్ల వరుస కనిపిస్తుంది. సాయంత్రం ఎండ వాటి మధ్య నుంచి నీళ్ల మీద పడితే చూసి మురిసిపోని మనిషిని నేనెరుగను.

అయితే ఆ అందం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా మురిసిపోవడం ఇంజనీరుకు తగదు. ఆ గర్డరులో ప్రతి ముక్కా తాను మోసే బరువును బట్టి లావుగానో సన్నగానో ఉంటుంది. బరువు ఎక్కువగా వచ్చి చేరే కీళ్ల దగ్గర రివెట్లు గుంపుగా ఉంటాయి. తక్కువగా వచ్చే చోట పలచబడతాయి. గీసినవాడు అలంకారం కోసం ఒక్క రివెట్టు కూడా పెట్టలేదు. బరువు నడిచే దారిని కంటికి కనబడేలా వదిలేశాడు, అంతే. కట్టించిన దొరలను నేను పొగడడం లేదు. బావుల అడుగున బురద తోడినవారి పేర్లు ఏ రాతి మీదా చెక్కలేదు. ఆ సంప్రదాయం మాత్రం వాళ్లతో పోలేదు.

ఆ వంతెనలో అన్నిటికన్నా తెలివైన భాగం ఎవరి కంటా పడదు. ఎండకు ఉక్కు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ప్రతి గర్డరుకు ఒక కొసను స్తంభానికి బిగించి, రెండో కొసను ఉక్కు రోలర్ల మీద వదిలేశారు. ఆ కొస రోజూ కొద్దిగా ముందుకు పోతుంది, కొద్దిగా వెనక్కు వస్తుంది. అంత బరువైన కట్టడం అన్నేళ్లు నిలిచిందంటే, దానిని రోజూ కదలనిచ్చారు కాబట్టే నిలిచింది.

శేషాచలం గారి సుద్దముక్క

మా వంతెనల ఇన్‌స్పెక్టరు శేషాచలం గారు. నాకు మొదటి పై అధికారి. మాట కరుకు, చెయ్యి కూడా కరుకే. మా శాఖలో ఒక ఆచారం ఉండేది: ఏడాదికోసారి జనరల్ మేనేజరు తనిఖీకి వస్తున్నాడంటే కంటికి కనిపించే ప్రతిదానికీ రంగు కొట్టేవాళ్లు. స్తంభం పక్కన రాళ్లకు సున్నం, గర్డర్లకు వెండి రంగు. ఆ ఊపులో రోలర్లకు కూడా పూత మీద పూత పడేది. రంగు గట్టిపడి రోలరు, దాని కింది పలక ఒకటే ముద్దయ్యేవి.

నేను చేరిన కొత్తలో ఆయన నన్ను స్తంభం మీదికి దింపి, రంగు పట్టిన ఆ రోలర్లను చూపించారు.

"ఏమయ్యా ఇంజనీరూ, నిద్దట్లో కాళ్లు చాచుకుంటావా?"

"చాచుకుంటానండీ."

"మంచానికి కట్టేస్తే?"

నేను రోలరు వైపు చూశాను.

"ఆలోచించకు. నువ్వు గట్టివాడివైతే మంచం విరుగుతుంది, మంచం గట్టిదైతే నీ కాలు విరుగుతుంది. నీ డిగ్రీ పట్టాలో ఇది రాయలేదా?"

జేబులోంచి సుద్దముక్క తీసి గర్డరు అడుగు పలక మీద నుంచి స్తంభం మీది పలక వరకు నిలువుగా ఒక గీత గీశారు. పక్క స్తంభం మీద, రంగు పడని రోలరు బేరింగు దగ్గర, అలాగే ఇంకొకటి గీశారు. భోజనం చేసి రమ్మన్నారు. మధ్యాహ్నం వచ్చి చూస్తే రంగు పడనిచోట గీత రెండు ముక్కలైంది. పై ముక్క పక్కకు జరిగింది. రంగు పట్టినచోట గీత తెగలేదు.

"తెగిందంటే వంతెన బతికుంది. తెగలేదంటే లోపల ఎక్కడో రాయిని తోస్తోంది. పైనవాళ్లకు తెగని గీతే ఇష్టం. చూడ్డానికి బాగుంటుంది."

తనిఖీ రోజు పొద్దున ఆయనే గీకుడు కత్తి పట్టుకుని రోలర్ల రంగంతా గీకేశారు. జనరల్ మేనేజరుకు మెరిసే వంతెన కింద మాసిన ఇనుము కనబడింది. పదిమందిలో చీవాట్లు పెట్టాడు. శేషాచలం గారు వివరణ ఇవ్వబోతే వినలేదు. వర్షాకాలం రాకముందే ఆయనను నది అనేదే లేని డివిజనుకు బదిలీ చేశారు. వంతెనల మనిషికి అంతకన్నా శిక్ష లేదు. ఆ తర్వాత ప్రతి ఏడూ రంగు వేయించడం శాఖ పని, తనిఖీ ముగిశాక గీకించడం నా పని అయింది.

రైలు లేని దేశంలో రైలు వంతెన

బహ్రెయిన్‌లో రైలు లేదు. అయినా ఇక్కడ ఒక విల్లాల కాలనీ యజమానికి, సముద్రం నుంచి తవ్విన కాలువ మీద పాతకాలపు ఇంగ్లీషు రైలు వంతెన కావాలనిపించింది. పిల్లల బండ్లు, సాయంత్రపు షికార్లు తప్ప దాని మీద వెళ్లేవి లేవు. గోదావరి మీద పనిచేసిన మనిషి యార్డులో ఉన్నాడని తెలిసి ఉక్కు పని నాకు అప్పగించారు. అప్పుడు సంతోషించాను.

లెక్క ప్రకారం గర్డరు చేశాను. తూర్పు కొస బిగించి, పడమటి కొసను జారే బేరింగు మీద వదిలాను. ఈ దేశపు జనవరికీ ఆగస్టుకీ మధ్య ఆ కొస బొటనవేలి మందం కదలాలి. అంత సందు వదిలాను.

నేను చేసిన కీళ్లు బోల్టులతో ఉన్నాయి. ఆర్కిటెక్టుకు రివెట్లు కావాలి. రివెట్టు వేసేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? రివెట్టు తలల్లా కనిపించే ఫైబరు బొడిపెలు తెప్పించి జిగురుతో అంటించారు. బరువుతో సంబంధం లేకుండా, ఈ కొస నుంచి ఆ కొసకు సమానమైన ఎడంతో. పాత వంతెన అందాన్ని ఫొటోలో చూసినవాళ్లు చేసే తప్పు ఇది.

వంతెన బాటకు రాతి పరుపు వేసే ముఠాకు మేస్త్రీ గంగారాం. జగిత్యాల దగ్గరి పల్లె. ముఠాలో సగంమంది అతని మాట మీద వచ్చిన పక్క ఊళ్లవాళ్లే. చాయ్ ఆలస్యమైతే పని ఆపేసే మనిషి, ఫోర్‌మన్‌తో రోజుకో పేచీ. వచ్చి చాలాకాలమైనా బహ్రెయిన్‌ను దుబాయి అనే అంటాడు. ఆ బొడిపెలను వేలితో తట్టి చూశాడు.

"గిదేంది సార్, బ్రిడ్జికి అంగీ కుట్టిన్రా? గుండీలు మంచిగున్నయి."

"ఊడకుండా ఉంటే చాలు."

"ఎండకాలం రానియ్యిన్రి, అంగీ ఇప్పుకుంటది."

మా కంపెనీ సైటు మేనేజరు సుధాకర్. విజయవాడ వైపు మనిషి, నాకన్నా చాలా చిన్నవాడు, నన్ను మాస్టారూ అని పిలుస్తాడు. ఆ పిలుపులో గౌరవం ఎంతో వెటకారం ఎంతో నాకెప్పుడూ తేలలేదు. ప్రారంభోత్సవం దగ్గర పడ్డాక అతను ఆర్కిటెక్టును వెంటబెట్టుకుని పడమటి కొసకు వచ్చాడు. కాలిబాట రాయి వంతెన రాయితో అతుకు లేకుండా కలిసిపోవాలని, మధ్యలో ఈ సందు అసహ్యంగా ఉందని ఆర్కిటెక్టు ఇంగ్లీషులో అన్నాడు. సందు మీద జారే ఉక్కు పలక వేస్తానన్నాను. అదీ అసహ్యమే అన్నాడు.

నేను ఆ పొద్దున్నే బేరింగు మీద సుద్ద గీత గీసి ఉంచాను. అది చలికాలం. అయినా మధ్యాహ్నానికి గీత తెగి, గోరు మందం పక్కకు జరిగింది. సుధాకర్‌ను కిందికి దింపి చూపించాను.

"ఇంతేనా మాస్టారూ?"

"ఇది ఫిబ్రవరి. ఆగస్టులో దీనికి ఎన్నో రెట్లు."

"మీ గోదావరి మీద రైళ్లు పోతాయండీ. ఇక్కడ పిల్లలు ఐస్‌క్రీం తింటా పోతారు. దీనికంత శాస్త్రం దేనికి?"

"ఎండకు ఐస్‌క్రీం సంగతి తెలియదు."

అతను నవ్వేసి, పైకెక్కి, గంగారాంను కేకేశాడు. "గంగారాం భాయ్, ఈ సందులో సిమెంటు గ్రౌటు కొట్టి రాయి వేసెయ్. సాయంత్రానికి ఖలాస్ అవ్వాలి."

గంగారాం నా వైపు చూశాడు. "సారు వద్దంటుండు గద."

"సారు యార్డు చూసుకుంటారు. సైటు నాది. యల్లా, యల్లా, కానీయ్."

సందు మూయవద్దని అక్కడున్న అందరికీ వినబడేలా చెప్పాను. ఆ రోజే కాలనీ యజమాని కార్యాలయానికి అభ్యంతరం రాసి పంపాను. అందిందని జవాబు వచ్చింది. అందడానికి మించి దానికేమీ జరగలేదు. నేను యార్డుకు బయలుదేరుతుంటే గంగారాం గ్రౌటు కలుపుతూ అన్నాడు:

"మీరు వద్దంటరు, పోతరు. ఇనకుంటె ఆయన పొమ్మంటడు, పోవుడు నేను. ఎవలి మాటినాలె సార్, మీరే చెప్పున్రి."

నేను యార్డు బండెక్కాను. మీరు చేరబోయే పనిలో ఆజ్ఞ ఎప్పుడూ నోటితో వస్తుంది. నింద మాత్రం కాగితం మీద వస్తుంది. రెండింటి మధ్య నిలబడే మనిషి గంగారాం. ఈ ఒక్క సంగతి తెలియకుండా మీ డిగ్రీలతో ఇక్కడ అడుగు పెట్టకండి.

ఆగస్టు

వేసవిలో మధ్యాహ్నం పూట ఇక్కడ బయటి పని నిషేధం. కాలనీ తోటపనివాళ్లు ఆ వేళలో వంతెన పడమటి కొసన, అలంకారానికి కట్టిన రాతి బురుజు నీడలో అట్టముక్కలు పరుచుకుని పడుకుంటారు. కదలడానికి చోటు దొరకని గర్డరు ఆ బురుజును తోస్తూ వచ్చింది. మొదట పరుపు రాళ్లు ఉబ్బాయి. తర్వాత బురుజులో జుట్టులా ఒక చీలిక కనిపించింది. దానిని సిమెంటుతో పూశారు. ఒక మధ్యాహ్నం బురుజు మీది కొప్పు రాయి విడిపోయి సరిగ్గా ఆ అట్టముక్కల చోట పడింది. అప్పటికి నీడ అవతలికి జరిగింది కాబట్టి వాళ్లు కూడా జరిగారు. ప్రాణాలు దక్కాయి. వాళ్లను కాపాడినది ఇంజనీర్లెవరూ కాదు, సూర్యుడు.

విచారణ జరిగింది. సుధాకర్ నివేదిక పట్టుకుని హిద్‌లో నా గదికి వచ్చాడు. ఉక్కు పని బాధ్యుడిగా నా సంతకం కూడా ఉండాలి.

"మాస్టారూ, ఒక్క సంతకం. ఉక్కులో తప్పేం లేదనే రాశాం. మీకు మంచిదే."

చదివాను. సందును పొరపాటున మూసివేయడమే కారణమని, అది మేస్త్రీ పనితనంలో లోపమని ఉంది.

"మూయమన్నదెవరో రాయలేదే?"

"అది రాస్తే మనకి ఇంకో పని ఎవరిస్తారండీ? అతనికి టిక్కెట్టిచ్చి మర్యాదగానే పంపేస్తన్నాం."

"పనితనంలో లోపం అని రాయడం మర్యాదా?"

"అబ్బా, ఒక్క మాటండీ అది. ఆయనేమన్నా చదవబోతాడా?"

సంతకం పెట్టలేదు. సందు మూయమని ఎవరు, ఎవరి ఎదుట చెప్పారో వేరే రాసి, కాలనీ యజమాని తరఫు ఇంజనీర్లకు స్వయంగా ఇచ్చాను. వాళ్లలో ఒకాయన మర్యాదస్తుడు. కాఫీ ఇచ్చాడు. సాంకేతిక కారణం తేలిపోయిందని, ఎవరు ఏమన్నారన్నది తమ పరిధిలోకి రాదని చెప్పాడు. మా కంపెనీ యజమాని నన్ను పిలిపించి నా ఆరోగ్యం గురించి అడిగాడు. నా ఆరోగ్యం బాగానే ఉందన్నాను. విశ్రాంతి తీసుకోవలసిన వయసని ఆయన అన్నాడు.

గంగారాంను చూడడానికి పనివాళ్ల క్యాంపుకు వెళ్లాను. మంచం మీద బట్టలు మడతపెడుతున్నాడు. నివేదికలో ఏముందో, నా గదిలో సుధాకర్ ఏమన్నాడో ఆఫీసు బాయ్ ద్వారా అతనికి అప్పటికే తెలుసు.

"సుధాకర్ సారు నేను చదువనని అన్నడంట గదా. నేను చదువను, మా పోరగాళ్లు చదువరా?"

"నేను సంతకం పెట్టలేదు గంగారాం."

"మీరు పెట్టకుంటె ఆగిందా?"

"ఆగలేదు."

"పంపితె పంపనియ్యిన్రి సార్. ఎన్నడన్న పోయేదే. గని నా చెయ్యి మంచిది గాదని రాస్తె, నా మాట మీద వచ్చినోళ్లను రేపెవడు పెట్టుకుంటడు? గంగారాం మనుషులంటె ఇన్నొద్దులు ఎవ్వడు ఎదురు అడగలె. ఆ ఒక్క మాట తీపియ్యిన్రి. టిక్కెట్టు గూడ వాళ్లనే ఉంచుకోమనున్రి."

ఆ ఒక్క మాట తీయించడానికి తిరగగలిగిన చోటల్లా తిరిగాను. నా చివరి నెలంతా ఆ పనికే పోయింది. మాట పోలేదు.

చివరి పని

ఇక మూసిన సందును మళ్లీ తెరవాలి. పరచిన ఖరీదైన రాయి అంచు చిట్లకుండా, గర్డరుకు దెబ్బ తగలకుండా గ్రైండరుతో కోయాలి. అలా కోయగలిగిన చెయ్యి సైటులో ఒక్కటే ఉంది. వీసా రద్దయి, ప్రయాణానికి సిద్ధంగా ఉన్న గంగారాంనే సుధాకర్ పిలిపించాడు. పనితనంలో లోపం ఉన్నవాడికి అతి సున్నితమైన పని అప్పగించడంలో అతనికి ఏ విడ్డూరమూ కనిపించలేదు.

నేను ముందే వెళ్లి గంగారాంకు చెప్పాను. "నువ్వు చేయనవసరం లేదు. నీకు ఇక్కడ ఉద్యోగమే లేదు. కాదని చెప్పు."

అతను దుమ్ము పడకుండా కళ్లద్దాలు పెట్టుకుంటున్నాడు.

"కాదంటె చేతగాకనే కాదన్నడంటరు. వంకరగ కోస్తె వాళ్లు రాసిందే నిజమైతది." తర్వాత చెయ్యి చాచాడు. "మీ సుద్ద ఇయ్యిన్రి సార్."

ఇచ్చాను. బాట ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీశాడు. ఎండెక్కితే గర్డరు సాగి, కోసిన సందును నొక్కి చక్రాన్ని పట్టేస్తుంది. కాబట్టి చల్లపొద్దునే మొదలుపెట్టాడు. కొంత కోసి, ఆగి, దుమ్ము ఊది, మళ్లీ కోశాడు. పక్కన సుధాకర్ ఫోనులో మాట్లాడుతున్నాడు. రాయి, గ్రౌటు పూర్తిగా తెగినప్పుడు కింద ఎక్కడో గర్డరు ఒక్కసారి టక్కుమంది. గోదావరి మీద ఎన్నోసార్లు విన్న చప్పుడు. సుధాకర్ ఉలిక్కిపడ్డాడు.

"ఏమైంది? ఏం విరిగింది?"

"ఏం ఇరగలె సార్," అన్నాడు గంగారాం, గ్రైండరు ఆపుతూ. "కాళ్లు జాపుకున్నది."

శేషాచలం గారి మంచం మాట నేను అతనికి ఎన్నడూ చెప్పలేదు.

సుధాకర్ వంగి, సందు వెంట చూపు పోనిచ్చి, చాలా నీట్‌గా వచ్చిందన్నాడు. గంగారాం సుద్దముక్క నా చేతిలో పెట్టి, చేతులు కడుక్కుని, క్యాంపు బస్సెక్కాడు. రెండో రోజు వెళ్లిపోయాడు. అతని మాట మీద వచ్చినవాళ్లను ఆ శీతాకాలంలో ఒక్కొక్కరినీ వేరు వేరు ముఠాల్లో కలిపారు, కొందరిని తీసుకోలేదు.

ఇప్పుడా వంతెన దగ్గర ప్రతి సాయంత్రం ఫొటోలు దిగుతుంటారు. ఎండకు జిగురు కరిగి బొడిపెలు చాలావరకు రాలిపోయాయి. వాటి చోట గుండ్రటి మరకలు మిగిలాయి. బురుజు మళ్లీ కట్టారు. దాని మీద ఇత్తడి పలకలో యజమాని పేరు, ఆర్కిటెక్టు పేరు, కంపెనీ పేరు ఉన్నాయి.

మీలో ఎవరైనా అటు వెళితే ఆ పలక దగ్గర ఆగవద్దు. పడమటి కొసకు వెళ్లి కిందికి చూడండి. బాటకు అడ్డంగా ఒక సందు ఉంటుంది. పొద్దున వెళితే వెడల్పుగా ఉంటుంది, మధ్యాహ్నం వెళితే సన్నబడుతుంది. ఏ వేళ వెళ్లినా తిన్నగానే ఉంటుంది. ఈ అంచు నుంచి ఆ అంచు వరకు దారం పట్టి చూడండి. నేను పట్టి చూశాను. నివేదికలో మాత్రం పనితనంలో లోపం అన్న ఆ మాట ఇంకా అలాగే ఉంది.